ఫౌల్ బంతుల భీమశంకరం

జాక్సన్ ఊళ్లో బస్సు ఆగినప్పుడు డ్రైవరు తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, "అది పట్టుకుని లోపలికి రావడానికి వీల్లేదు" అన్నాడు.

అది అంటే తువ్వాల్లో చుట్టిన క్రికెట్ బ్యాటు. దాన్ని చంకలో పెట్టుకున్న మనిషికి యాభై దాటి ఉంటాయి. పొట్టి చేతుల తెల్లచొక్కా, మెడకు బిగించిన టై, మోచేతుల దాకా కారు గ్రీజు. ఆగస్టు ఎండకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఇది ఆట సామానని అతను రెండోసారి ఇంగ్లిషులో చెప్పాడు.

"తెడ్డులా ఉంది. పడవెక్కడ?" అన్నాడు డ్రైవరు, లోపలి జనానికి వినపడేట్టు.

"నీ మొహం మండ! దీన్ని పట్టుకుని తెడ్డంటావా!" అన్నాడతను. ఈ ముక్క మాత్రం తెలుగులో.

కిటికీ పక్కన కూర్చున్న దత్తాత్రేయకి ప్రాణం లేచివచ్చింది. ఆయన బందరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. షామ్‌బర్గ్‌లో కూతురు విద్య దగ్గర ఆర్నెల్లు ఉండటానికని వచ్చాడు గానీ, వారం తిరక్కుండానే ఆ అపార్ట్‌మెంటు గోడలు మీదపడుతున్నట్టయి, నెల రోజుల బస్సు పాసు కొనుక్కుని రోడ్డున పడ్డాడు. "నాన్నా, ఈ దేశాన్ని ఇదివరకే కనిపెట్టేశారు, నువ్వు మళ్లీ కనిపెట్టక్కర్లేదు" అని కూతురు ఫోనులో మొత్తుకుంటూనే ఉంది. డెట్రాయిట్ పక్కన నోవైలో ఒక పాత శిష్యుడి ఇంట నాలుగు పూటలు తిని ఇప్పుడు వెనక్కి వస్తున్నాడు.

ఆయన గబగబా దిగి వెళ్లి, "ఏమండోయ్, అదిలా ఇవ్వండి" అన్నాడు. బ్యాటు అందుకుని, పిడి మీద రెండు చేతులూ మోపి, ఉన్నదానికంటే పదేళ్లు ముసలితనం తెచ్చుకుని, దాన్ని చేతికర్రలా నేలకి ఆనిస్తూ ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. ముసలాయన ఊతకర్రకి అడ్డు చెప్పడానికి డ్రైవరుకి నోరు రాలేదు. తలుపు మూసుకుంది.

అతని పేరు భీమశంకరం. కాకినాడవాడు. కలమజూలో దిగాలి.

"కారు చచ్చిందండి" అన్నాడు, గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక గాల్లోనే ఉంచి. "ఏళ్ల తరబడి కార్బ్యురేటర్లు టెస్ట్ చేసినవాణ్ణి, కార్బ్యురేటరే నన్ను నడిరోడ్డు మీద దింపేసింది. అదీ మా పాత కంపెనీ కారేనండి, తిట్టుకుందామంటే నన్ను నేనే తిట్టుకోవాలి. మీరు మాస్టారా? చూడగానే అనుకున్నాను."

"అదెలా?"

"నేను అడక్కుండానే నా పని చక్కబెట్టేశారు కదండీ."

దత్తాత్రేయకి మనిషి నచ్చాడు. ఈ బ్యాటు కథేమిటని అడిగాడు. ఆ అడగడం ఆనకట్టకి గండి కొట్టినట్టయింది. దారి పొడుగునా భీమశంకరం మాట్లాడుతూనే ఉన్నాడు, కోపం పెరిగేకొద్దీ గొంతు పెరుగుతూనే ఉంది, డ్రైవరు అద్దంలోంచి గుర్రుగా చూస్తూనే ఉన్నాడు.

కాకినాడలో చదువుకునే రోజుల్లో భీమశంకరం కాలేజీ జట్టుకి మొదటి బ్యాట్స్‌మన్. అతను దిగితే జనం బఠాణీలు కొనుక్కోవడానికి లేచి వెళ్లేవాళ్లట. భోంచేసి, ఓ కునుకు తీసి తిరిగొచ్చినా అతను అక్కడే ఉండేవాడు, పలక మీద అంకె మాత్రం కదిలేది కాదు. పరుగులు అతని పని కాదు. బంతి మెత్తబడాలి, బౌలరు నాలుక బయటపెట్టాలి, అంతవరకు నిలబడాలి. తర్వాత వచ్చినవాళ్లు చితక్కొట్టి పేరు కొట్టేసేవారు.

ఇంకో అలవాటుండేది. బంతి బ్యాటు అంచుని తాకి కీపరు చేతిలో పడితే, అంపైరు వేలెత్తేదాకా ఆగేవాడు కాదు. బ్యాటు చంకలో పెట్టుకుని నడిచిపోయేవాడు. ఓసారి పెద్ద మ్యాచ్‌లో తాకిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. అవతలి జట్టు అడగనైనా అడగలేదు. ఇతను నడిచాడు. జట్టు ఓడింది. కెప్టెను ఆ ఏడాదంతా పలకరించలేదు.

"తగిలినట్టు ఎవరికీ తెలీదు కదయ్యా!" అన్నాడు దత్తాత్రేయ.

"నాకు తెలుసు కదండీ."

"సరే. మరి తగలకుండానే అంపైరు అవుట్ ఇచ్చేస్తే?"

"అప్పుడూ నడవాలండి. నోరెత్తకూడదు. వెనక్కి చూడకూడదు."

అలాంటివాడు డెట్రాయిట్ వచ్చి, పెద్ద కంపెనీలో కుదురుకుని, నోవైలో ఇల్లు కొనుక్కున్నాడు. జపాను కార్ల దెబ్బకి కంపెనీలు మనుషుల్ని బయటికి నెట్టిన రోజుల్లో ఇతన్నీ నెట్టేశారు. భార్య అనంతలక్ష్మి నోవైలోనే ఆస్పత్రి నర్సు, ఆమె ఉద్యోగం వదల్లేదు. ఇతనికి మిషిగన్ సరస్సు ఒడ్డున ఎల్మ్ హార్బర్ అనే చిన్న ఊళ్లో విడిభాగాల ఫ్యాక్టరీలో పని దొరికింది. వారమంతా అక్కడ ఓ అద్దెగది, శనాదివారాలు ఇంటికి డ్రైవ్. గది కిటికీలోంచి చూస్తే ఊరి బేస్‌బాల్ గ్రౌండు. ఆ ఊరికో జీతాల జట్టుంది. చిన్న లీగ్, చిన్న జీతాలు. జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు.

"మొదట్లో చూస్తుంటే ఒళ్లు మండేదండి. ప్రతివాడూ చెట్టు నరికినట్టు ఊపడమే. బంతిని బతిమాలడం, పక్కకి పొమ్మనడం ఒక్కడికీ తెలీదు. గుండ్రటి దుడ్డుకర్ర, గూండా ఆట అనుకున్నాను. తర్వాత రూల్సు పుస్తకం చదివాను మాస్టారూ. అప్పుడు దొరికింది."

ఏం దొరికిందో చెప్పడానికి అతను బస్సు నడవలో లేచి నిలబడ్డాడు. ఆ ఆటలో మైదానం అంతా ఆడుకోవడానికి లేదు. రెండు తెల్లగీతల మధ్యలో పడితేనే బంతి చెల్లుతుంది, బయట పడితే ఫౌల్. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, ఊపి తప్పినా ఒక స్ట్రైకు, మూడు స్ట్రైకులైతే ఆటగాడు అవుట్. మొదటి రెండు ఫౌల్స్‌నీ స్ట్రైకుల కింద లెక్కేస్తారు. కానీ మూడో స్ట్రైకు మాత్రం ఫౌల్ వల్ల రాదు. అంటే రెండు స్ట్రైకులయ్యాక ఫౌల్స్ ఎన్ని కొట్టినా అవుట్ లేదు, ఆటగాడు అక్కడే ఉంటాడు, అవతలివాడు మళ్లీ మళ్లీ బంతి విసురుతూనే ఉండాలి. బ్యాటుని ఊపకుండా ఊరికే అడ్డం పెట్టి ఫౌల్ చేస్తే ఒప్పుకోరు, దానికి వేరే రూలుంది. మరి ఊపి, మణికట్టు తిప్పి, వచ్చిన బంతిని వచ్చిన వేగంతోనే వెనక్కి సాగనంపితే?

"లెగ్ గ్లాన్సండి!" అని భీమశంకరం బ్యాటు తిప్పి చూపించాడు. పక్క సీటులో నిద్రపోతున్నావిడ ఉలిక్కిపడి లేచింది. "కూర్చోరా బాబూ!" అనే అర్థం వచ్చేట్టు డ్రైవరు మైకులో అరిచాడు.

ఆ విద్యని అతను లెనీ ప్రూయిట్‌కి నేర్పాడు. లెనీ కొంగల జట్టులో రెండో క్యాచరు. క్యాచరంటే మన కీపరు లాంటివాడు, రెండో క్యాచరంటే మొదటివాడికి దెబ్బ తగిలితే తప్ప లేవనివాడు. గట్టిగా కొట్టలేడు. వేగంగా పరిగెత్తలేడు. చలికాలం ఆటలుండవు గనక కూడు కోసం అదే ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడు. మధ్యాహ్నం తిండి వేళల్లో, సరుకు దించే షెడ్డులో, బయట మంచు కురుస్తుండగా భీమశంకరం విసిరేవాడు, లెనీ వెనక్కి పంపేవాడు. "వాడికి ఓపిక ఉందండి. కొట్టలేనివాడికే అది ఉంటుంది" అన్నాడు భీమశంకరం, తన సంగతి చెప్పుకుంటున్నట్టు.

ఎండాకాలం వచ్చింది, సీజను మొదలైంది. లెనీని ముందుగా దింపేవారు. వాడు ఫౌల్ తర్వాత ఫౌల్ కొడుతూ నిలబడేవాడు. బంతి విసిరే అవతలి పిచర్ చెయ్యి బరువెక్కేది, ఓర్పు పోయేది, బంతులు అడ్డదిడ్డంగా పడేవి, అలా నాలుగు పడితే లెనీకి మొదటి బేస్, అంటే పరుగులో మొదటి మజిలీ, ఉచితం. అసలు పిచర్ తొందరగా కూలబడితే రెండో రకం పిచర్ వచ్చేవాడు, వాణ్ణి మిగతా కొంగలు పొడుచుకు తినేవి. ఊరివాళ్లు ఓ సరదా కనిపెట్టారు. లెనీ ఫౌల్స్ కొడుతున్నంతసేపూ గ్యాలరీలో జనమంతా ఒంటికాలి మీద నిలబడేవారు. ముసలమ్మలు కూడా రెయిలింగు పట్టుకుని ఓ కాలెత్తేవారట. అట్టడుగున ఉండే జట్టు పైకెక్కింది. పై లీగ్‌వాళ్లు కబురంపారు, వచ్చే వారం మనిషిని పంపి లెనీని చూసి తీసుకుంటామన్నారు. ఇన్నేళ్లకి!

"మరింకేం?" అన్నాడు దత్తాత్రేయ.

"ఇంకేమిటండీ, ఓడినవాళ్లంతా ఒకటయ్యారు! ఇవాళ కలమజూలో లీగ్ మీటింగు. రెండు స్ట్రైకుల తర్వాత మూడు ఫౌల్స్ కొడితే అవుటని కొత్త రూలు పెడతారట. సీజను మధ్యలో! ఇవాళ్టి నుంచే! అది పెడితే లెనీ పని అయిపోయినట్టే. పై లీగ్‌వాళ్లు వాడి మొహం కూడా చూడరు. నేను వచ్చి మాట్లాడతానని వాడికి మాటిచ్చానండి. రూల్లో లేని తప్పుకి శిక్షేమిటి మాస్టారూ?"

దత్తాత్రేయ రక్తం సలసల కాగింది. ఆయనది ఏ సంగతైనా బందరు రేవు మీదుగా తప్ప ఆలోచించలేని బుర్ర. ఇదెక్కడో చూసినట్టుందే అనుకున్నాడు, వెంటనే దొరికింది. మన అద్దకం గుడ్డలు ఓడలెక్కి లండను వెళ్లిన కాలం. దొరసానులు అవే కట్టుకుంటామన్నారు, కిటికీలకి అవే తెరలు. అక్కడి నేతగాళ్లకి చేతకాలేదు. చేతకాకపోతే నేర్చుకోవాలా? పార్లమెంటులో కూర్చుని, ఆ గుడ్డ ఒంటి మీద కనిపిస్తే జరిమానా అని చట్టం చేశారు. పదిహేడు వందల ఇరవై ఒకటి. ఏటా పిల్లలకి చెప్పి చెప్పి ఆ తారీఖు ఆయన నాలుక మీదే ఉంది. మొన్నటికి మొన్న, మూడేళ్ల కిందట, ఆస్ట్రేలియావాళ్లు అవతలివాడు సిక్సరు కొట్టకుండా క్రికెట్ మ్యాచ్‌లో ఆఖరి బంతిని గోళీలా నేలమీద దొర్లించలేదూ? అప్పుడు రూలు మార్చారంటే అర్థముంది, అది పిరికితనం. ఇక్కడ లెనీ ప్రతి బంతినీ ఎదుర్కొంటున్నాడే! ఎదుర్కోవడం నేరమా?

కలమజూలో భీమశంకరంతో పాటు ఆయనా దిగిపోయాడు. పాసు ఉండనే ఉంది.

మీటింగు ఊరి బయట ఓ మోటెల్లో. ఈతకొలను మందు వాసన వరండా దాకా కొడుతోంది. తలుపు దగ్గర లెనీ టోపీ నలుపుతూ నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, వంగిన భుజాలు. పక్కనే కొంగల మేనేజరు వాల్ట్ కొజ్లోస్కీ, నోట్లో పొగాకు ఉండ. కొజ్లోస్కీ భీమశంకరాన్ని మూలకి లాగాడు.

"చూడు షాంక్, ఒక్కటే ప్రశ్న వేస్తారు. లెనీ కావాలని ఫౌల్ కొడుతున్నాడా అని. లేదు, మైదానంలోకే కొట్టాలని చూస్తున్నాడు, బంతి అలా పోతోంది అను. అంతే. మనిషి మనసులో ఏముందో అంపైరుకి కనపడదు. ఒక్కడి చేతగానితనం మీద ఎవడూ రూలు పెట్టలేడు."

భీమశంకరం బ్యాటు మీద తువ్వాలు బిగించుకున్నాడు. కొజ్లోస్కీ దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. వెనకాల నిలబడ్డ దత్తాత్రేయ అలా అనుకోలేదు. కాకినాడ మ్యాచ్ ఆయనకి గుర్తొచ్చింది.

లోపల పొడుగు బల్ల చుట్టూ జట్ల పెద్దలు. పెళ్లివారిలా ఒకళ్ల మీద ఒకళ్లు జోకులేసుకుంటున్నారు. కొజ్లోస్కీ దత్తాత్రేయ చెవిలో ఒక్కొక్కరి చరిత్రా చెప్పాడు. ఆ ఎర్రమొహంవాడు మనం ఆడటానికి వెళ్తే మొదటి బేస్ దగ్గర నేలకి రాత్రికి రాత్రి నీళ్లు పట్టిస్తాడు, పరిగెత్తేవాడి కాళ్లు కూరుకుపోతాయి. ఆ బట్టతలవాడి పిచర్ చెవి వెనక వేసలీను దాచుకుని బంతికి పూస్తాడు. ఆ మూలాయన స్కోరుబోర్డులో మనిషిని కూర్చోబెట్టి, బైనాక్యులర్స్‌తో క్యాచరు పిచర్‌కి చేసే సైగలు దొంగిలిస్తాడు.

"అందరికీ తెలుసా?"

"తెలియకేం! పట్టుబడితే నవ్వుకుంటాం. అదీ ఆటలో భాగమేగా సార్."

లీగ్ ప్రెసిడెంటు హార్లన్ బ్రిగ్స్‌కి ఊళ్లో ఫర్నిచరు కొట్టుంది. ఆయన లేచి, ఆట పవిత్రత గురించి, తండ్రి చెయ్యి పట్టుకుని గ్రౌండుకి వెళ్లిన రోజుల గురించి మాట్లాడాడు. ఎర్రమొహంవాడు కళ్లు తుడుచుకున్నాడు. నేలకి దొంగచాటుగా నీళ్లు పట్టించేవాడు! దత్తాత్రేయకి ఆ క్షణాన చేతిలో సుద్దముక్క ఉంటే విసిరేసి ఉండేవాడు.

"మిస్టర్ షంకర్" అన్నాడు బ్రిగ్స్. "అవును, కాదు అని చెబితే చాలు. మీ లెనీ ఆ బంతుల్ని మైదానంలోకి కొట్టాలనే చూస్తున్నాడా?"

కొజ్లోస్కీ పొగాకు నమలడం ఆపేశాడు. తలుపు దగ్గర లెనీ టోపీని రెండు చేతులా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒక్క 'అవును' చాలు. ఆ మాట అంటే మీటింగు ముగుస్తుంది, లెనీ పై లీగ్‌కి వెళ్తాడు.

భీమశంకరం లేచి నిలబడ్డాడు.

"కాదండి. ఫౌల్ కొట్టాలనే కొడుతున్నాడు. నేనే నేర్పాను. చాలా బాగా నేర్చుకున్నాడు."

భీమశంకరం ఆగలేదు. తువ్వాలు విప్పి, బ్యాటు పట్టుకుని, బంతిని ఎంత ఆలస్యంగా చూడాలో, మణికట్టు ఎక్కడ తిప్పాలో, పాఠం చెబుతున్నట్టు చెప్పాడు. నిజంగా అర్థమైతే వాళ్లకీ నచ్చుతుందని అతని నమ్మకం. కష్టపడితే ఒక్క చలికాలంలో ఎవరైనా నేర్చుకోవచ్చని భరోసా కూడా ఇచ్చాడు. ఆ భరోసాతో బల్ల చుట్టూ ఉన్న మొహాలు పాలిపోయాయి. ప్రతి జట్టులోనూ ఒక లెనీ! ఆట తెల్లారేదాకా!

"విన్నారుగా" అన్నాడు బ్రిగ్స్. "కావాలనే చేస్తున్నారని వాళ్లే ఒప్పుకున్నారు. ఇది మోసం."

"మోసమా?" అన్నాడు భీమశంకరం. "పట్టపగలు, జనం ముందు, రూలు పుస్తకం చదివి చేశాను. అడగ్గానే చెప్పాను. ఆయన నేల తడపడం ఎవరికైనా చెప్పి చేస్తాడా? ఆయన పిచర్ చెవి వెనక ఏముందో అడిగారా మీరెప్పుడైనా? అది ఆటలో భాగం, నాది మోసమా?"

ఎర్రమొహం ఇంకా ఎర్రబడింది. అందరూ ఒక్కసారే అరిచారు. వాళ్లని అంతగా బాధించింది ఫౌల్ బంతులు కాదని దత్తాత్రేయకి తోచింది. తమలో తాము నవ్వుకునే సంగతిని బయటివాడొకడు బల్ల మీద పెట్టాడు, అదీ బాధ. ఇక ఆయన కూర్చోలేకపోయాడు.

"అయ్యలారా! పదిహేడు వందల ఇరవై ఒకటిలో మీ తాతలు మా ఊరి గుడ్డల మీద..."

"మా తాతలు అప్పుడు పోలండులో ఉన్నారు సార్, కూర్చోండి" అని కొజ్లోస్కీ ఆయన మోచెయ్యి పట్టి కిందికి లాగాడు.

చేతులెత్తమన్నారు. ఎత్తారు. నేల తడిపేవాడి చెయ్యి, వేసలీనువాడి చెయ్యి, బైనాక్యులర్స్‌వాడి చెయ్యి. బల్ల చివర ఇంకో చెయ్యి లేచింది. అది కొజ్లోస్కీది.

"నువ్వూనా?" అన్నాడు దత్తాత్రేయ.

"ఒక్కణ్ణీ నిలబడి ఏం సాధిస్తాను? వచ్చే ఏడాది వీళ్లతోనే ఆడాలి కదా" అన్నాడు కొజ్లోస్కీ, ఆయన మొహం చూడకుండా.

భీమశంకరం వంగి, దత్తాత్రేయకి మాత్రమే వినపడేట్టు అన్నాడు: "మాస్టారూ, నేను అవుట్ కాదండీ."

బయట పార్కింగ్ లాట్‌లో తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. లెనీ తన పాత పికప్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అరుస్తాడేమో అనుకున్నాడు దత్తాత్రేయ. అరిచినా బాగుండేది.

"నేను చేతగానివాణ్ణి అని చెబితే సరిపోయేది షాంక్" అన్నాడు లెనీ మెల్లగా. "ఇన్నేళ్లుగా చేతగానివాణ్ణే కదా. నమ్మేవాళ్లు."

"నువ్వు చేతగానివాడివి కాదు లెనీ. అదే చెప్పాను లోపల."

"తెలుసు. వాళ్లకి చెప్పావు. నాకు చెబితే చాలేది."

లెనీ టోపీని పికప్ కిటికీలోంచి సీటు మీదకి విసిరి, ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టుకి మనుషుల్ని తీసుకుంటున్నారో లేదో కనుక్కోవాలన్నాడు. తర్వాత, ఏదో ఒకటి అనాలి గనక, దారిలో నీ కారు దగ్గర దింపనా అని అడిగాడు. భీమశంకరం తల అడ్డంగా ఊపాడు. జాక్సన్ లెనీకి దారి కాదు, పూర్తిగా ఎదురుదిక్కు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పికప్ వెళ్లిపోయింది. ఇలాంటప్పుడు మనిషికి చేతిలో పట్టుకోవడానికేదైనా ఇవ్వాలని తోచి, దత్తాత్రేయ మోటెల్ వరండాలో ఉన్న మిషను దగ్గరికి కాఫీ తేవడానికి వెళ్లాడు. ఆ మిషనొకటి, నాణెం మింగి ఓ తన్ను తంతే గానీ కక్కదు! కప్పు నిండుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. నువ్వు చేసింది ఒప్పే అనాలా? అబద్ధమాడి ఉంటే లెనీ బతికేవాడు కదా అంటే ఏం చెప్పాలి? తనైతే ఆడేవాణ్ణి అని ఒప్పుకోవాలా? నలభై ఏళ్లు పిల్లలకి సత్యం పలకమని చెప్పినవాడు ఆ గదిలో కూర్చుని, అబద్ధమాడవయ్యా, ఒక్కటి ఆడు, అని లోలోపల బతిమాలుకోలేదూ? అసలు కోపం ఎవరి మీద పడాలి? నేల తడిపేవాడి మీదా, చెయ్యెత్తిన కొజ్లోస్కీ మీదా, ఒక్క మాట మింగలేని ఈ పిచ్చిబ్రాహ్మడి మీదా?

రెండు కాగితం కప్పులూ వేళ్లు కాలుస్తుండగా ఆయన తిరిగి వచ్చాడు.

కాంక్రీటు దిమ్మ మీద తువ్వాలు మడతపెట్టి ఉంది. భీమశంకరం అప్పటికే లాట్ చివరికి చేరాడు. బ్యాటు చంకలో ఉంది. తల వంచుకుని, కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే లాక్కుంటున్నాడు, లేని గ్లవ్స్ విప్పుకుంటున్నట్టు. తొందర లేదు, ఆలస్యమూ లేదు. ముందు రోడ్డు మీద లారీలు రొద చేసుకుంటూ పోతున్నాయి.

"శంకరంగారూ! కాఫీ!" అని దత్తాత్రేయ అరిచాడు. "ఇదిగో, మీ తువ్వాలు!"

అతను గడ్డి దాటి రోడ్డు అంచు ఎక్కి, జాక్సన్ వైపుకి తిరిగాడు. వెనక్కి చూడలేదు.